306 నుంచి 46 తీసేస్తే

లెక్కల సారు లాంగ్ నోట్‌బుక్‌లో మొదటి పేజీ నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. పైన 306. దాని కింద 46. తీసివేత గుర్తు, అడ్డగీత. గీత కింద 260. పక్కనే ఎర్రసిరాతో ‘270 కావాలె’ అని రాసి కింద రెండు గీతలు కొట్టాడు. పదో తరగతి పిల్లలకు చెప్పినట్టే నోట్‌బుక్‌ను మా ముందు సిమెంటు బెంచీ మీద పరిచి అన్నాడు: “ఇంతే కథ. ఈ నలభై ఆరు ఎవరు గుంజుకొస్తరో వాళ్లే ట్రంపును దించుతరు. మిగిలిందంతా ముచ్చట.”

అది 2019 నవంబర్ చివరి వారం, మీర్‌పేట్‌లో మా కాలనీ పార్కు. పొద్దున్నే నడక అయ్యాక వేపచెట్టు కింది రెండు బెంచీల మీద కూర్చునేవాళ్లం. అంతకుముందు అక్కడ మోకాళ్ల నొప్పులు, కృష్ణా నీళ్లు, పెన్షన్ల ముచ్చట్లు నడిచేవి. ఆ చలికాలం మాత్రం ఒకటే ప్రశ్న: అమెరికాలో కుర్చీలో ఉన్న అధ్యక్షుణ్ణి ఓడించగల మొనగాడెవడు?

అక్కడ ఓటున్న మనిషి మాలో ఒక్కరూ లేరు. మా పిల్లల్లోనూ లేరు. అయినా ఆ ప్రశ్న మాకు ఇంటి ప్రశ్నే. ఎందుకో చెప్పాలంటే ముందు మీర్‌పేట్ గురించి చెప్పాలి.

నేను కంచన్‌బాగ్‌లో మిధానిలో మెల్ట్ షాపులో ముప్పై రెండేళ్లు పనిచేశాను. తొంభైల్లో ఇక్కడ ప్లాటు కొన్నప్పుడు మీర్‌పేట్ గ్రామ పంచాయతీ. సెకండ్ షిఫ్టు దిగి స్కూటర్ మీద వస్తుంటే దారి పొడుగునా తుమ్మచెట్లు, బండలు, చెరువు మీదినుంచి వచ్చే చల్లగాలి. మిధాని, బీడీఎల్, డీఆర్‌డీఎల్ ఉద్యోగులం లోన్లు పెట్టి ఇండ్లు కట్టుకున్నాం. సాగర్ రోడ్డు పట్టుకొని నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ వైపు నుంచి టీచర్లు, ఆర్టీసీ వాళ్లు వచ్చి చేరారు. మా పిల్లలు ఇక్కడి నుంచి బస్సెక్కి దిల్‌సుఖ్‌నగర్ పోయి జావా, ఒరాకిల్, శాప్ నేర్చుకున్నారు. చైతన్యపురి గోడల మీద ఆ కోర్సుల పోస్టర్లు ఒకదాని మీద ఒకటి అంటించీ అంటించీ అట్టల్లా తయారయ్యేవి. ఆ పోస్టర్ల దారినే మా పిల్లలు అమెరికా వెళ్లారు. మా వీధిలో పద్నాలుగు ఇండ్లుంటే తొమ్మిదింటి పిల్లలు అక్కడే. అక్కడి అధ్యక్షుడు ఒక సంతకం చేస్తే ఇక్కడ తొమ్మిది ఇండ్లల్లో రాత్రి నిద్ర ఉండదు.

2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేథాలో మన హైదరాబాద్ ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను ‘మా దేశం నుంచి పొండి’ అంటూ కాల్చి చంపినప్పటి నుంచి మా ఆవిడ కొడుక్కి ఫోన్ చేసినప్పుడల్లా “బయట తెలుగు మాట్లాడకు బిడ్డా” అనేది. తన భాష మాట్లాడొద్దని కన్నకొడుక్కు తల్లే చెప్పాల్సిరావడం నాకు ఇప్పటికీ గుండెలో ముల్లే. ఆ ఏప్రిల్‌లో ‘అమెరికా సరుకే కొనండి, అమెరికన్లకే ఉద్యోగమివ్వండి’ అనే ఉత్తర్వు వచ్చింది. తర్వాత హెచ్1 వీసా పొడిగింపులకు ప్రశ్నల మీద ప్రశ్నలు మొదలయ్యాయి. 2015లో ఒబామా ప్రభుత్వం హెచ్4 మీదున్న భార్యలకు పనిచేసుకునే అనుమతి ఇచ్చింది కదా, అదీ తీసేస్తామని అన్నారు. అందుకే లెక్కల సారు నోట్‌బుక్ తెరిచాడు.

ఆయన లెక్క ఇది. 2016లో ట్రంప్ గెలిచిన రాష్ట్రాల ఎలక్టోరల్ ఓట్లు 306. మొత్తం 538లో 270 వస్తే కుర్చీ. పెన్సిల్వేనియాకు 20, మిషిగన్‌కు 16, విస్కాన్సిన్‌కు 10. ఈ మూడు రాష్ట్రాలూ ట్రంప్‌కు వచ్చింది అన్నీ కలిపినా ఎనభై వేల లోపు ఓట్ల తేడాతో. మూడూ పోతే 260కి దిగుతాడు. “మన పక్క ఎల్బీనగర్ నియోజకవర్గంలో రెండు డివిజన్ల జనం అంత లేదు ఆ తేడా” అని ఆశ్చర్యపోయేవాడు.

అవతలి డెమోక్రటిక్ పార్టీలో అభ్యర్థిత్వానికి నిలబడ్డవాళ్లు ఇరవై మందికి పైనే. నోట్‌బుక్‌లో ఒక్కొక్కరికి ఒక్కో వరుస. పేరు, వయసు, వీసాల గురించి ఏమన్నారు, చివరి గడిలో ‘46 తెస్తరా?’

మా బెంచీల మీద ఒక్కొక్కరిది ఒక్కో పక్షం. టీచరమ్మగారు తెనాలి మనిషి. ముప్పయ్యేళ్లు తెలుగు పండితురాలిగా చేసి కూతురి చదువు కోసం ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. ఆమెది ఎలిజబెత్ వారెన్ పక్షం. “ఆవిడా నాలాగా బడిలో మొదలుపెట్టిన మనిషేనండీ. ప్రతిదానికీ నా దగ్గర ఒక ప్లాన్ ఉందంటుంది చూడండి, పాఠం చెప్పినవాళ్లకే ఆ అలవాటు ఉంటుంది” అనేవారు. ఆమె కూతురు న్యూజెర్సీలో హెచ్4 మీద ఉద్యోగం చేస్తోంది. ఆ అనుమతి కాగితం పోతే ఇంటి లోను కట్టలేరు. ఆ సంగతి ఆమె పైకి అనేవారు కాదు గానీ మాకందరికీ తెలుసు.

దిల్‌సుఖ్‌నగర్‌లో జావా చెప్పే కుర్రాడొకడు రోజూ మాతో నడిచేవాడు. వాడికి ఆండ్రూ యాంగ్ అంటే ప్రాణం. మేజరైన ప్రతి మనిషికీ నెలకు వెయ్యి డాలర్లిస్తానన్నాడు యాంగ్. మిషన్లు వచ్చి ఉద్యోగాలు పోతాయని ఉన్నమాట చెప్పేవాడు ఆయనొక్కడే అని వాడి వాదన. నాకు కమలా హారిస్ నచ్చింది. తల్లి శ్యామలా గోపాలన్ తమిళావిడ, మన పక్కింటి మనిషి లాంటిది అని ఒక మమకారం. డిసెంబర్ 3న ఆమె పోటీ నుంచి తప్పుకుంది. లెక్కల సారు పేరు కొట్టేస్తుంటే ఒక్క రోజు ఆగమన్నాను. ఆయన ఆగలేదు.

ఇక బీడీఎల్ అన్న. మాకందరికీ పెద్ద. ఆయన ట్రంప్ మనిషి. 2019 సెప్టెంబర్ 22న హ్యూస్టన్ స్టేడియంలో యాభై వేల మంది ముందు మోదీ, ట్రంప్ చేతులు కలిపి నడవడం టీవీలో చూసినప్పటి నుంచి ఆ మాట మీదే ఉన్నాడు. జనగామ జిల్లా కొన్నె గ్రామంలో ఒక రైతు ఇంటి ముందు ట్రంప్ విగ్రహం పెట్టి రోజూ పాలాభిషేకం చేస్తున్నాడని పేపర్లో వస్తే దాన్ని మడిచి తెచ్చి చూపించాడు. వాదన మాత్రం భక్తితో చేసేవాడు కాదు, చరిత్రతో చేసేవాడు. “తమ్మీ, కుర్చీల ఉన్నోడు ఓడిపోవుడు అంత అల్కగ కాదు. వందేండ్లల్ల నలుగురే ఓడిన్రు. హూవర్, ఫోర్డ్, కార్టర్, పెద్ద బుష్. అందరు సరుకుల ధర మండినప్పుడు, కొలువులు పోయినప్పుడు ఓడిన్రు. ఇప్పుడు అక్కడ అందరికి పనుంది. ఎట్ల దించుతరు చెప్పు?”

ఆ ప్రశ్నకు ఆ చలికాలంలో మా ఎవరి దగ్గరా సరైన జవాబు లేదు.

మధ్యలో మా సొంత ఎన్నిక వచ్చింది. మీర్‌పేట్ కార్పొరేషన్ అయ్యాక మొట్టమొదటి ఎన్నిక, 2020 జనవరి 22న. ఇంటింటికీ అభ్యర్థులు వచ్చారు, కండువాలు, డప్పులు, కరపత్రాలు. టీచరమ్మగారు తన గుమ్మంలోకి వచ్చిన ప్రతివాళ్లనూ ఒకే ప్రశ్న అడిగారు: “చెరువు నిండితే అలుగు నీళ్లు ఎటు పోతాయి నాయనా?” ఆమె ఇల్లు పల్లం వైపు. వచ్చినవాళ్లు చూస్తామన్నారు, చేస్తామన్నారు. మేము ఓట్లు వేశాం. కానీ ఆ ప్రశ్న మా బెంచీల మీదికి ఒక్కరోజు కూడా రాలేదు. విస్కాన్సిన్ తేడా ఎంతో చెప్పగలిగిన మనుషులం, మా పెద్ద చెరువు నీళ్లు ఏ నాలాలో కలుస్తాయో తెలుసుకోలేదు. ఈ మాట బాధతోనే రాస్తున్నాను.

మావి కాగితం బ్యాలెట్లు, జనవరి 25న లెక్కించి అదే రోజు ఫలితం చెప్పారు. పది రోజులకు అయోవాలో డెమోక్రాట్ల తొలి పోటీ జరిగితే, ఒక యాప్ పనిచేయక ఎవరు గెలిచారో ఆ రాత్రి చెప్పలేకపోయారు. బెర్నీ శాండర్స్, పీట్ బుట్టిజెజ్ ఇద్దరూ మేమే అన్నారు. న్యూ హాంప్‌షైర్‌లో శాండర్స్ గెలిచాడు. జో బైడెన్ ఐదో స్థానం. డెబ్బై ఏడేళ్ల మనిషి, మాట తడబడుతుంది, డబ్బు లేదు. ఆయన పని అయిపోయిందని టీవీలు తేల్చేశాయి, మేమూ తేల్చేశాం. లెక్కల సారు ఒక్కడే ఆ వరుస కొట్టేయలేదు. అడిగితే పేరు పక్కన చిన్నగా రాసుకున్న మాట చూపించాడు: ‘పుట్టింది స్క్రాంటన్, పెన్సిల్వేనియా.’

ఆ నెలంతా వాదన వేడెక్కింది. అమెరికా నుంచి ఫోన్లలో మా పిల్లలు శాండర్స్, శాండర్స్ అనేవారు. జావా కుర్రాడు యాంగ్ తప్పుకున్నాక శాండర్స్ వైపు వచ్చాడు. బ్లూంబెర్గ్ యాభై కోట్ల డాలర్ల పైన కుమ్మరిస్తున్నాడు, డబ్బుకు డబ్బే జవాబు అని ఇంకొకరు. అప్పుడు నేను కల్వకుర్తి సంగతి చెప్పాను. మా ఊరు కల్వకుర్తి దగ్గర. 1989 ఎన్నికల్లో ఎన్టీ రామారావు గారు హిందూపురంతో పాటు మా కల్వకుర్తిలోనూ నిలబడ్డారు. ముఖ్యమంత్రిగా ఉన్న మనిషి. పోటీగా కాంగ్రెస్ నుంచి చిత్తరంజన్ దాస్. నేను మిధానిలో నాలుగు రోజులు సెలవు పెట్టి ఓటుకు పోయాను. బస్టాండు దగ్గర హోటల్లో కూర్చుంటే అందరూ రామారావు గారి సినిమాల గురించే మాట్లాడుతున్నారు. ఒక్కరు కూడా ఆయన్ను తిట్టలేదు. మా ఊరి పాలేరు పెద్దాయన ఒకాయన చాయ్ సాసర్‌లో పోసుకొని ఊదుకుంటూ అన్నాడు: “ఆయన దేవుని లెక్క ఉంటడు. కని దేవుని తలుపు మనం పోయినప్పుడు తెరిసి ఉండది. గీయన తలుపు కొడితే పలుకుతడు.” ఫలితం వచ్చేసరికి రామారావు గారు కల్వకుర్తిలో ఓడిపోయారు. హైదరాబాద్‌లో మా షాపులో మూడు రోజులు ఎవరూ నమ్మలేదు. అంతటి మనిషిని ఓడించడానికి అంతటి మనిషే కావాలని అందరమూ అనుకున్నాం. జనం అట్లా అనుకోలేదు.

ఈ ముచ్చట విన్నాక టీచరమ్మగారు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “అయితే మనకు నచ్చినవాడు కాదండీ చూడాల్సింది. మనకు నచ్చనివాడికి కూడా ఎవరు ఫర్వాలేదనిపిస్తారో చూడాలి” అన్నారు. మూడు నెలల వాదనలో నేను విన్న మంచిమాట అదే. వారెన్ పక్షం మనిషి నోట రావడం వల్ల దాని బరువు ఇంకా ఎక్కువ.

ఫిబ్రవరి 29న సౌత్ కరోలినాలో నల్లజాతి ఓటర్లు బైడెన్‌ను గెలిపించారు. మూడు రోజుల్లో బుట్టిజెజ్, క్లోబుచర్ తప్పుకొని ఆయన పక్కన నిలబడ్డారు. మార్చి 3న పద్నాలుగు రాష్ట్రాల్లో పోటీ అయితే పది ఆయనవే. బ్లూంబెర్గ్ మర్నాడే ఇంటికి పోయాడు, ఆ మర్నాడు వారెన్. పేరు కొట్టేయడానికి లెక్కల సారు పెన్ను టీచరమ్మగారి చేతికే ఇచ్చాడు. ఆమె గీత సాఫుగా, నెమ్మదిగా కొట్టారు.

సరిగ్గా ఆ మార్చి 5నే మా అబ్బాయి శంషాబాద్‌లో దిగాడు.

మా అమ్మ సంవత్సరీకానికి వచ్చాడు. కోడలు, రెండేళ్ల మనవరాలు జార్జియా రాష్ట్రంలో కమింగ్ అనే ఊళ్లోనే ఉండిపోయారు, పసిపిల్లతో అంత ప్రయాణం ఎందుకని. మూడు వారాల సెలవు. వీసా స్టాంపింగ్ కూడా అయిపోతుందని బేగంపేట పైగా ప్యాలెస్ కాన్సులేట్‌లో మార్చి 18కి స్లాట్ తీసుకున్నాడు. మార్చి 16 నుంచి స్లాట్లన్నీ రద్దు. 22న జనతా కర్ఫ్యూ, తర్వాత లాక్‌డౌన్. పార్కు గేటుకు తాళం పడింది. బెంచీలు ఖాళీ.

పై గదిలో వాడి ఆఫీసు మొదలైంది. సాయంత్రం ఏడుకు లాప్‌టాప్ తెరిస్తే తెల్లవారుజామున మూడు, నాలుగు. దానికి ముందు, వాళ్ల పొద్దున పాప లేచే వేళకు వీడియో కాల్. ఆ పిల్ల ఫోన్ తెర మీద తండ్రి ముఖాన్ని రెండు చేతులతో తడిమేది. మొదట్లో నాన్నా అని ఏడ్చేది. జూన్ నాటికి ఏడవడం మానేసింది. మా వాడు దాన్ని చూసే ఎక్కువ భయపడ్డాడు.

జూన్ 22న వచ్చింది ఆ ప్రకటన. హెచ్1బీ, హెచ్4, ఎల్1 వీసాల మీద కొత్తగా దేశంలోకి రావడం డిసెంబర్ 31 దాకా బంద్. స్టాంపు లేకుండా బయట ఉన్నవాడు బయటే. అమెరికా పౌరుల భార్యాభర్తలకు మినహాయింపు ఉంది, అమెరికా పౌరురాలైన పసిపిల్ల తండ్రికి లేదు. మా మనవరాలు అక్కడే పుట్టింది, ఆ దేశం పిల్ల. ఆ పిల్ల తండ్రి మీర్‌పేట్‌లో మేడ మీద. ఆగస్టు 12న, అదే కంపెనీలో అదే ఉద్యోగానికి తిరిగి వెళ్లేవాళ్లకు వీలుందని చెప్పారు. కానీ స్లాటు దొరకాలి కదా. వాడు రోజుకు పదిసార్లు సైటు తెరిచేవాడు.

ఆ ప్రకటన వచ్చిన రోజు నుంచి బెంచీ మీది ప్రశ్న నాకు వాదనగా మిగల్లేదు. లెక్కల సారు ఫోన్ చేసి రోజూ ఒకే మాట చెప్పేవాడు: “పెన్సిల్వేనియా సర్వే చూసిన. ధైర్యంగ ఉండు.” బీడీఎల్ అన్న కూడా ఫోన్ చేశాడు. ట్రంప్ మాట ఎత్తలేదు. “పిలగాడు తింటున్నడా?” అని అడిగి పెట్టేశాడు. తన మనవడి పుట్టినరోజుకు తెచ్చిన వెబ్‌క్యామ్‌ను మా వాడి కోసం గేటు మీద పెట్టి పోయాడు.

ఆగస్టు 11న బైడెన్ ఉపాధ్యక్ష పదవికి కమలా హారిస్‌ను ఎంచుకున్నాడు. లెక్కల సారు కొట్టేసిన ఆ వరుస కింద మళ్లీ పేరు రాసి ఫొటో తీసి నాకు పంపాడు.

అక్టోబర్ 12న జార్జియాలో ముందస్తు ఓటింగ్ మొదలైంది. కోడలి పక్కింట్లో ఒక తెలుగు కుటుంబం, వాళ్లకు పౌరసత్వం వచ్చింది. ఆ ఇంటావిడ మొదటిసారి ఓటు వేయడానికి గంటలకొద్దీ వరుసలో నిలబడి వచ్చిందట. “మామయ్యా, ఆవిడ నా చెయ్యి పట్టుకొని, మీ ఆయన కోసం కూడా వేసొచ్చానన్నారు” అని కోడలు చెప్పింది. చెబుతూ ఏడ్చింది. 13వ తారీఖు రాత్రి ఇక్కడ ఆకాశం చిల్లులు పడ్డట్టు వాన. తెల్లారేసరికి మా చెరువులు అలుగు దుంకి మిథిలానగర్ వైపు వీధులన్నీ నీళ్లే. టీచరమ్మగారి ఇంట్లో మంచం ఎత్తున నీరు. మా అబ్బాయి, జావా కుర్రాడు నడుము లోతులో పోయి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి తీసుకొచ్చారు. ఆమె ఒళ్లో ఒక ప్లాస్టిక్ సంచీ, అందులో సర్వీసు పుస్తకం, కూతురి డిగ్రీ సర్టిఫికెట్లు. బియ్యం, బట్టలు, టీవీ పోయాయి. ముప్పయ్యేళ్లుగా కూడబెట్టుకున్న పుస్తకాలు నీళ్లలో నాని, ఉబ్బి, అట్టలు ఊడిపోయాయి. ఆమె మా ఇంట్లో మూడు వారాల పైనే ఉన్నారు. జనవరిలో తానడిగిన ప్రశ్నను ఆమె మాకు గుర్తుచేయలేదు. ఆమె ఎదురుగా కూర్చుంటే మాకే గుర్తొచ్చేది.

అందుకే ఓట్ల లెక్కింపు ఆమె మా ఇంట్లోనే చూశారు. నవంబర్ 3న అక్కడ పోలింగ్. అదే రోజు ఇక్కడ దుబ్బాక ఉపఎన్నిక. తెలుగు చానళ్లలో ఇటు దుబ్బాక, అటు అమెరికా. 4వ తేదీ పొద్దున ఫ్లోరిడా ట్రంప్‌కే పోయింది. మధ్యాహ్నానికి మిషిగన్, పెన్సిల్వేనియా, జార్జియా అన్నింట్లో ఆయనే ముందున్నాడు. మా వాడు లేచి పై గదికి పోయి తలుపేసుకున్నాడు. లెక్కల సారు మాస్కు పెట్టుకొని వచ్చి వరండాలోనే నిలబడ్డాడు. “పోస్టు ఓట్లు ఇంక లెక్కపెట్టలేదు. కరోనా భయానికి ఆళ్ల జనం పోస్టులనే ఏసిన్రు. పేపరు దిద్దకముందే ఫెయిలని ఎట్లంటవ్?” అన్నాడు. నాకు నమ్మకం కలగలేదు. మెల్ట్ షాపులో ఫర్నేస్ నుంచి తీసిన ముక్కకు ల్యాబు రిపోర్టు వచ్చేదాకా లోహం మంచిదో కాదో మాట్లాడకూడదు, అది మా మొదటి పాఠం. ఆ రోజు ఆ పాఠం నాకు పనికిరాలేదు.

మిషిగన్, విస్కాన్సిన్ మారాయి. శుక్రవారం మధ్యాహ్నం కోడలు ఫోన్ చేసింది. అక్కడ తెల్లవారుజాము, నిద్రపోలేదు. “మామయ్యా, మా జార్జియా మారింది” అంది. ఆ రాత్రే పెన్సిల్వేనియాలోనూ బైడెన్ ముందుకొచ్చాడు. శనివారం, నవంబర్ 7, రాత్రి పది కావస్తోంది. టీచరమ్మగారు రాగిజావ తాగుతున్నారు. టీవీలో పెద్ద అక్షరాలు పడ్డాయి. ఆమె గ్లాసు కింద పెట్టి మేడ మెట్ల దగ్గరికి పోయి, “నాయనా, కిందికి రా” అని మా వాణ్ణి పిలిచారు. వాడు వచ్చి తెర వైపు చూసి, మెట్టు మీదే కూర్చుండిపోయాడు. మా ఆవిడ వాడి తల నిమిరింది. ఎవరమూ కేకలు వేయలేదు.

లెక్కలన్నీ తేలాక బైడెన్‌కు 306, ట్రంప్‌కు 232. జార్జియా తేడా 11,779 ఓట్లు. ఆ ఓట్లలో మా కోడలి పక్కింటావిడది ఒకటి. లెక్కల సారు నోట్‌బుక్ మొదటి పేజీకి వచ్చి 306 చుట్టూ సున్నా చుట్టి, “సంఖ్య అదే, మనిషి మారిండు” అన్నాడు. బీడీఎల్ అన్నతో ఆ సాయంత్రం నేనే మాట్లాడాను. “ధర మండినప్పుడు, కొలువులు పోయినప్పుడు ఓడతరన్న. ఆ మాటైతే తప్పలే గదా” అన్నాడు. ఆయన అన్నది నిజమే. కరోనా రాకుంటే ఏమయ్యేదో లెక్కల సారు కూడా చెప్పలేనన్నాడు.

కుర్చీ దిగే ముందు కూడా డిసెంబర్ 31న ఆ వీసాల బంద్‌ను మార్చి 31 దాకా పొడిగించారు. హెచ్4 పని అనుమతి తీసేసే ప్రతిపాదనను కొత్త ప్రభుత్వం వచ్చిన వారంలోనే వెనక్కి తీసుకుంది. టీచరమ్మగారి కూతురి ఇంటి లోను నిలబడింది. మార్చి 31తో బంద్ గడువు తీరింది, బైడెన్ పొడిగించలేదు. ఏప్రిల్ రెండో వారంలో మా వాడికి స్లాట్ దొరికింది. ఏప్రిల్ ఆఖర్న విమానమెక్కాడు. వారం తిరక్కుండా మే 4 నుంచి ఇండియా నుంచి వచ్చేవాళ్ల మీద ఆంక్షలు పెట్టింది కూడా ఆ బైడెనే, ఇక్కడ సెకండ్ వేవ్ మండుతోంది కాబట్టి. పదమూడు నెలల ఇరవై రోజులు వాడు నా ఇంటి మేడ మీద ఉన్నాడు. తల్లిదండ్రులుగా మేము కొడుకుతో అంతకాలం కలిసి ఉండటం వాడి ఇంటర్ తర్వాత అదే. అది సంతోషమని చెప్పుకోలేని సంతోషం. అట్లాంటాలో దిగాక, పాప వాణ్ణి చూసి తల్లి వెనక దాక్కుందట. గంట తర్వాత వచ్చి ముఖం తడిమి చూసిందట, ఫోన్ తెరను తడిమినట్టే.

తర్వాతి సంగతులు అందరికీ తెలిసినవే. 2024లో ట్రంప్ తిరిగి వచ్చాడు, నేను మొదట మమకారపడ్డ కమలా హారిస్‌నే ఓడించాడు. 312, 226. జనాభా లెక్కల తర్వాత ఆ మూడు రాష్ట్రాల ఓట్లు 46 నుంచి 44కి తగ్గాయి. 226కి ఆ 44 కలిపితే సరిగ్గా 270. లెక్కల సారు ఆ కూడిక వేసి నోట్‌బుక్ మూసేశాడు. 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము పెట్టారు. దిల్‌సుఖ్‌నగర్‌లో జావా కుర్రాడి దగ్గర నేర్చుకునే పిల్లలు ఆ వారం క్లాసుకు వచ్చి పాఠం వినలేదట, ఆ రుసుము గురించే అడిగారట. ఈసారి ఎవరు దించుతారన్న చర్చకు చోటు లేదు, రెండుసార్లు ఎన్నికైన మనిషి మళ్లీ నిలబడడానికి వాళ్ల రాజ్యాంగం ఒప్పుకోదు.

పార్కులో ఇప్పుడు మేము చెరువు గురించే ఎక్కువ మాట్లాడుకుంటున్నాం. టీచరమ్మగారి ప్రశ్నను కాగితం మీద పెట్టి, వీధి వీధీ తిరిగి సంతకాలు చేయించి ఇచ్చాం. నోట్‌బుక్‌లో మిగిలిన ఖాళీ పేజీల్లో లెక్కల సారు వానాకాలంలో చెరువు నీటిమట్టం రాస్తున్నాడు, వారానికొకసారి, తారీఖు వేసి.

మా అబ్బాయికి గ్రీన్‌కార్డు ఇంకా రాలేదు. మనవరాలు 2018 మేలో జార్జియాలో పుట్టింది. 2036 నవంబర్ నాటికి పద్దెనిమిది నిండుతాయి. మా ఇంట్లో అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో మొదటి ఓటు ఆమెదే కావచ్చు.